హెల్మెట్‌ని ముందు తిరగేసి చూడండి

ఇనుప కవచాలు తొడుక్కుని తలపడే ఆటలోకి కొత్తగా వచ్చేవాళ్లు హెల్మెట్ కొనేటప్పుడు ముందు దాని అందం చూస్తారు. మూతి పొడుచుకొచ్చిన బాసినెట్టా, బకెట్ బోర్లించినట్టుండే గ్రేట్ హెల్మా అని తర్జనభర్జన. నేనైతే లోపల చెయ్యి పెట్టి చూస్తాను. రేకు కత్తిని ఆపుతుంది గానీ, దెబ్బలోని అదురుని చాలావరకు మింగేది మెత్తటి అస్తరూ, రేకుకీ తలకీ మధ్య ఉన్న జాగానే. ఆ జాగా లేకపోతే రేకు ఎంత మందంగా ఉన్నా నెత్తి అదురుతుంది.

కాబట్టి తల కొలతలు అస్తరు పెట్టుకునే ఇవ్వండి. చుట్టుకొలత ఒక్కటే చాలదు, నుదుటి నుంచి వెనక్కి ఎంతుందో, చెవి నుంచి చెవికి ఎంతుందో కూడా కావాలి. హెల్మెట్ వచ్చాక పట్టీ బిగించి, ముఖం రేకు పట్టుకుని పక్కలకి గట్టిగా గుంజమని తోటి ఆటగాడికి చెప్పండి. మెడతో పాటే హెల్మెట్ తిరగాలి. అదొక్కటే తిరిగిందంటే చూపు చీలిక చెవి దగ్గరికి పోతుంది, అసలు ఆటలో అది తట్టుకోలేం. ముఖం రేకుని లోపలికి నొక్కినా ముక్కుకీ పళ్లకీ తగలకూడదు.

ఏ ఆటకో తేల్చుకున్నాకే మందం సంగతి. పేముకర్ర ఆయుధాలతో ఆడే ఎస్‌సీఏ (సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం అనే సంస్థ) ఆటలో కనీసం 16 గేజ్, అంటే 1.6 మిల్లీమీటర్ల స్టీలు ఉండాలి. ముఖం మీది కంతల్లో అంగుళం మందం కర్ర దూరకూడదు. మొద్దు చేసిన అసలు ఉక్కు ఆయుధాలతో సాగే బుహుర్ట్‌లో గొడ్డలి దెబ్బలుంటాయి, దానికి ఇంతకంటే గట్టిది కావాలి. అలంకారం కోసం అమ్మే హెల్మెట్లు రెండింటికీ పనికిరావు.

పాతదే వాడుతుంటే మొదటి పోటీకి నెల ముందే సంచిలోంచి తీయండి. ఒక ఏడాది నేను పోటీ రోజు పొద్దున తీశాను. తోలు పట్టీ పైకి బాగానే ఉంది. బకిల్ దగ్గర మడత మాత్రం చెమట ఉప్పుకి అట్టలా బిగుసుకుపోయింది. రెండో దెబ్బకే తెగింది, హెల్మెట్ కళ్ల మీదికి జారింది. కంటితో చూస్తే చాలదు, మడిచి చూడాలి.

రేకుని వేలి కణుపుతో తట్టండి. గరగరమని జీర వినిపిస్తే ఏదో రివెట్ వదులైనట్టే. ముఖం రేకు కీళ్ల శీలల్ని ఊపి చూడండి. తర్వాత చీకటి గదిలో లోపల టార్చి వెలిగిస్తే వెల్డింగ్ అతుకుల్లో ఆరపారా పడిన పగుళ్లు బయటపడతాయి. సొట్టని సుత్తితో సరిచేయొచ్చు గానీ, ఒకే చోట మళ్లీ మళ్లీ కొడితే రేకు పెళుసెక్కి చీలుతుంది. టెంపర్ చేసిన, అంటే వేడితో గట్టిపరిచిన స్టీలుని మంటలో కాల్చి సాగదీయకండి, గట్టిదనం పోతుంది.

ఆడిన రాత్రే తుడిచి, పైన పల్చగా నూనె రాయండి. అస్తరు విడిగా నీడలో ఆరాలి. తడిది లోపలే వదిలేస్తే తుప్పూ బూజూ రెండూ వస్తాయి.

ఇంకొకటి. ఎంత మంచి హెల్మెటైనా పుర్రె లోపల మెదడు అదరకుండా పూర్తిగా ఆపలేదు. దెబ్బ తర్వాత తల తిరిగితే ఆ రోజుకి ఆట మానేయాల్సిందే. మాట తడబడినా, వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మీ బకిల్ ఎటు లాగితే ఊడుతుందో జట్టులో కనీసం ఇద్దరికి ముందే చూపించి ఉంచండి. పట్టీ కత్తిరించే కత్తెర కూడా సంచి పైజేబులో ఉండాలి.