పడవ మీద సోలార్ ప్లేటు: ఎండ దంచుతున్నా బ్యాటరీ ఎందుకు నిండదు?

పడవలో బ్యాటరీ దిగిపోతే చాలామంది ముందు ఇంకో పెద్ద ప్లేటు కొనాలనుకుంటారు. కొనేముందు ఒక మామూలు మల్టీమీటరు తీసుకుని మూడు చోట్ల వోల్టులు చూడండి: ప్లేటు వెనక, కంట్రోలరు (ప్లేటుకూ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగును అదుపు చేసే పెట్టె) దగ్గర, బ్యాటరీ టెర్మినళ్ల మీద. లోపం ఎక్కువసార్లు ఈ మూడింటి మధ్యే దొరుకుతుంది. లోయర్ మానేరు జలాశయంలోనో పాకాల చెరువులోనో రాత్రి వల వేసే పడవకైనా, తెరచాప పడవకైనా పద్ధతి ఇదే.

సమస్య: మిట్టమధ్యాహ్నం కూడా ఆంపులు సగం రావు

మొదట నీడ చూడాలి. 12 వోల్టుల ప్లేటులో 36 సెల్లులు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. ఒక్క సెల్లు మీద నీడ పడితే ఆ వరుస మొత్తం కరెంటు ఆగుతుంది. వెనక పెట్టెలో బైపాస్ డయోడ్లు (నీడ పడ్డ సెల్లులను తప్పించి కరెంటుకు దారి ఇచ్చేవి) రెండు ఉంటే సగం ప్లేటు పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు మిగిలేది 9 వోల్టులే, దాంతో 12 వోల్టుల బ్యాటరీ ఎక్కదు. అంటే అరచేయంత నీడకు ప్లేటు మొత్తం పోయినట్టే. తెరచాప పడవల్లో స్తంభం, తాళ్లు ఈ పని చేస్తాయి. మన పడవల్లో టార్పాలిన్ కట్టిన వెదురు, గొడుగు కర్ర, ఆరేసిన వల చేస్తాయి. అరచేయి ఒక సెల్లు మీద అడ్డం పెట్టి ఆంపులు చూడండి, ఎంత పడిపోతాయో తెలుస్తుంది. 100 వాట్ల ప్లేటు ఒకటి కన్నా 50 వాట్లవి రెండు, పడవకు చెరో వైపు పెట్టి, ప్యారలల్‌గా (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) కలపడం మంచిది. ఒకటి నీడలో ఉన్నా రెండోది పనిచేస్తుంది.

సమస్య: పొద్దున బాగా ఎక్కుతుంది, మధ్యాహ్నం తగ్గుతుంది

బ్యాటరీ మీద 14.4 వోల్టులు కనిపిస్తే అది నిండవచ్చింది, లోపం కాదు. 13 దగ్గరే ఆగిపోతే కారణం చాలాసార్లు వేడి. ప్లేటు మీద రాసిన 18 వోల్టులు 25 డిగ్రీల దగ్గరి లెక్క. మే నెల ఎండలో సెల్లు 65 డిగ్రీలు దాటుతుంది, వోల్టులు 15 దాకా దిగుతాయి. దానికి సన్న తీగ తోడైతే ఇక అంతే. 6 ఆంపులు పోను, రాను కలిపి 10 మీటర్లు పోతే 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ 1 వోల్టుకు పైగా మింగుతుంది, 4 చదరపు మిల్లీమీటర్ల తీగ 0.3 మాత్రమే. అందుకే తీగ మందం మీద పిసినారితనం వద్దు. ప్లేటు కింద 5 సెంటీమీటర్ల గాలి సందు వదలండి. పైకప్పుకు అతికించే వంగే ప్లేట్లు మన ఎండకు సరిపడవు. 36 కన్నా తక్కువ సెల్లులున్నది కూడా తీసుకోవద్దు.

సమస్య: ఇంటి మీద పెట్టే 335 వాట్ల ప్లేటు తెచ్చినా లాభం లేదు

అది 37 వోల్టులు, 9 ఆంపుల ప్లేటు. పీడబ్ల్యూఎం కంట్రోలరు (ప్లేటును నేరుగా బ్యాటరీకి కలిపే మామూలు రకం) ఆంపులనే పంపుతుంది, అదనపు వోల్టులు వృథా. 9 ఆంపులు, 13 వోల్టులు: చేతికొచ్చేది 117 వాట్లు. దీనికి అదనపు వోల్టులను ఆంపులుగా మార్చే ఎంపీపీటీ కంట్రోలరు కావాలి. పైగా ఎండలో లోడు లేనప్పుడు ఈ ప్లేటు 46 వోల్టులు చూపిస్తుంది. కంట్రోలరు మీద రాసిన గరిష్ఠ వోల్టులు అంతకన్నా తక్కువైతే అది కాలిపోతుంది.

సమస్య: అన్నీ బాగున్నా తెల్లారేసరికి దిగిపోతుంది

వాడకం లెక్క వేసుకోవాలి. 10 వాట్ల ఎల్ఈడీ బుగ్గ 8 గంటలు అంటే 80, రెండు ఫోన్లకు 25, నీళ్లు తోడే మోటారుకు 15: మొత్తం 120 వాట్-అవర్లు. దీన్ని 4 గంటల నిండు ఎండతో, నష్టాలకు 0.65తో భాగిస్తే 46 వాట్లు. ఎండాకాలం 50 చాలు, మబ్బు పట్టే వానకాలానికి 100 తీసుకోండి. రెండు రోజుల అవసరానికి 12 వోల్టుల దగ్గర 20 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), సగానికి మించి దింపకూడదు కాబట్టి 40 ఏహెచ్ బ్యాటరీ. రోజూ 12.2 వోల్టుల కిందికి దిగి అలాగే ఉండిపోయే లెడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఎక్కించినా పాత సత్తువ రాదు.

బ్యాటరీతో తిరిగే పడవ మోటారును ఈ లెక్కలో కలపకండి. 30 ఆంపులు లాగేదైతే 100 వాట్ల ప్లేటు మంచి ఎండలో రోజంతా పట్టింది గంటసేపటికే అయిపోతుంది. దానికి ఇంటి దగ్గర ఛార్జింగే దారి.

టెర్మినల్ మీద తెల్లపొడి గానీ పచ్చపొడి గానీ ఉంటే, తీగలు విప్పి తినే సోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి ఆరబెట్టి వాజలైన్ రాయండి. సోడా నీళ్లు సెల్లు లోపలికి పోనీయవద్దు. బ్యాటరీ మారిస్తే కంట్రోలరులో బ్యాటరీ రకం కూడా మార్చాలి, లెడ్‌కూ లిథియానికీ ఒకే సెట్టింగు పనికిరాదు. ప్లేటు మీద పడ్డ కొంగల రెట్ట పొద్దున్నే కడగాలి, ఎండకు కాగిన అద్దం మీద చన్నీళ్లు పోయవద్దు.

కంట్రోలరుకు మళ్లీ కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్లేటు. విప్పేటప్పుడు ముందు ప్లేటు. ఇంత చిన్న సెట్టుకు 10 ఆంపుల ఫ్యూజు సరిపోతుంది. దాన్ని బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే పెట్టండి.