బోరు నీళ్ల ఊళ్లలో గుడ్డ డైపర్లు: ప్యాకెట్ డైపర్ల నుంచి ఎలా మారాలి?

ఎంతో ఇష్టంగా గుడ్డ డైపర్లు కొని, నెల తిరక్కుండానే మళ్లీ ప్యాకెట్ డైపర్లకు వెళ్లిపోయినవాళ్లు మన చుట్టుపక్కల చాలామందే ఉంటారు. అడిగితే కారుతున్నాయనో, వాసన వస్తోందనో, పాపకు తొడలు కందిపోయాయనో చెప్తారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ మూడు ఇబ్బందులకూ చాలాసార్లు మూలం ఉతికే నీళ్లలోనే ఉంటుంది. వీడియోల్లో చూపించే పద్ధతి మంచినీళ్లు దండిగా ఉన్న ఊళ్లకు సరిపోతుంది. బోరు మీద నడిచే ఇళ్లలో దాన్ని కొంచెం మార్చుకోవాలి. అందుకే ఇక్కడ ఉతుకుడు గురించే ఎక్కువగా చెప్తున్నాను.

ఒక్కసారిగా మానెయ్యకండి

పొద్దున స్నానం చేయించాక గుడ్డ డైపర్ కట్టండి. మధ్యాహ్నం దాకా గుడ్డవే, ఆ తర్వాత మామూలుగా ప్యాకెట్‌వి. వారం గడిచి ఇంట్లో అందరికీ చెయ్యి తిరిగాక పగలంతా గుడ్డవే కట్టొచ్చు. రాత్రి, ప్రయాణాలు చివరికి పెట్టుకోండి.

ప్యాకెట్ డైపర్ మధ్యలో సోడియం పాలీఅక్రిలేట్ అనే పొడి ఉంటుంది. ఉచ్చ తగలగానే అది జెల్‌లా మారి తడిని పట్టేసుకుంటుంది. గుడ్డకు ఆ గుణం లేదు. బిడ్డకు తడి తెలుస్తుంది, మొదట్లో చిరాకు పడుతుంది, ఏడుస్తుంది. టెన్షన్ పడకండి, రెండు గంటలకోసారి మార్చండి. దొడ్డికి పోతే మాత్రం వెంటనే మార్చాలి.

ఏమేం కొనాలి, ఏది ఇంట్లోనే దొరుకుతుంది

పైన కట్టే కవర్, లోపల పెట్టే ప్యాడ్, ఈ రెండే అసలు సామాను. కవర్ గుడ్డకు లోపలివైపు సన్నటి ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. దాన్ని పీయూఎల్ అంటారు. ముందుగా రెండు కవర్లు మాత్రమే కొని చూడండి. బిడ్డ తొడలకు ఏ కంపెనీది సరిగ్గా కూర్చుంటుందో వాడితే గానీ తెలీదు. పగలంతా వాడేటప్పటికి 5 నుంచి 6 కవర్లు, 20 దాకా ప్యాడ్లు ఉంటే ఇబ్బంది ఉండదు.

ప్యాడ్లలో మైక్రోఫైబర్‌వి చవగ్గా వస్తాయి. నేనైతే మన వైపు వాటిని వద్దనే చెప్తాను. బిడ్డను ఎత్తుకుని నొక్కితే పీల్చిన తడిని బయటికి వదిలేస్తాయి, ఉడకబెట్టడానికి పనికిరావు, చర్మానికి నేరుగా తగలకూడదు కూడా. నూలువి తీసుకోండి.

అసలు కొనకపోయినా నడుస్తుంది. కట్టి కట్టి మెత్తబడిన నారాయణపేట నూలు చీర ఒకటి బీరువాలో ఉంటే తీయండి. రెండువైపులా అంచు కత్తిరించేయండి, అది గరుగ్గా ఉంటుంది. మిగతాదాన్ని 27 అంగుళాల చదరం ముక్కలు చేయండి. అయిదున్నర మీటర్ల చీరకు 8 ముక్కలు రావాలి, చిరుగులూ పలుచబడ్డ చోట్లూ వదిలేసినా 6 మిగులుతాయి. ఒక ముక్కను ముందు నాలుగు పొరలుగా మడిచి, దాన్నే నిలువుగా మళ్లీ మూడు మడతలు వేస్తే 12 పొరల ప్యాడ్ తయారవుతుంది. విప్పితే ఒక్క పొరే కాబట్టి తొందరగా ఆరుతుంది, మరక కూడా తేలిగ్గా పోతుంది. పక్కన మిగిలిన సన్న పట్టీని పారేయకండి, రాత్రిళ్లు అదనపు పొరగా పనికొస్తుంది.

కొత్త నూలు ప్యాడ్లు కొంటే వాడే ముందు నాలుగైదు సార్లు ఉతికి ఆరేయండి. కొత్త నూలుకు ఉండే జిడ్డు పోతే గానీ తడి పీల్చదు.

కట్టేటప్పుడు

లాస్టిక్ తొడ మీద కాకుండా గజ్జల మడతలో కూర్చోవాలి. నడుము దగ్గర రెండు వేళ్లు పట్టాలి. ప్యాడ్ అంచు కవర్ బయటికి ఏ కొంచెం వచ్చినా తడి అక్కణ్నుంచే బట్టలకు పాకుతుంది. బొడ్డు ఊడని పసిబిడ్డకైతే కవర్‌ను బొడ్డు కిందికి మడవండి.

ఇంట్లో పెద్దవాళ్లు “గింత మందం గుడ్డ కడితే కాళ్లు వంకర పోతయి బిడ్డా” అని బాధపడొచ్చు. “పోవు అత్తమ్మా, తొడలు ఎడంగా ఉంటే తుంటి కీలుకు మంచిదే” అని నిదానంగా చెప్పండి. పొత్తిళ్లలో రెండు కాళ్లూ చాపి బిగుతుగా చుట్టడమే తుంటికి మంచిది కాదు.

ఉతకడం

ముందు మీ నీళ్లు ఎలాంటివో చూసుకోండి. ప్లాస్టిక్ సీసాలో సగం దాకా బోరు నీళ్లు పోసి, చిన్న సబ్బు ముక్క వేసి బాగా ఊపండి. నురగ రాకుండా నీళ్లు పాలలా తెల్లబడితే అవి కఠిన జలం. హీటర్ రాడ్ మీద తెల్లటి పెచ్చు కడుతున్నా అదే సంగతి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా తయారై నూలు పోగుల మీద అతుక్కుంటాయి. పది ఉతుకులయ్యేసరికి ప్యాడ్ అట్టలా బిగుసుకుంటుంది. తడి పీల్చదు, కారుతుంది, లోపల చిక్కిన ఉచ్చ వాసన పోదు, గరుకుకు చర్మం కందుతుంది. జనం డైపర్‌ను తిట్టుకునేది ఇక్కడే.

ఫ్లోరైడ్ నీళ్లతో ఉతికితే బిడ్డకు ఏమవుతుందోనని మునుగోడు, మర్రిగూడ వైపు వాళ్లకు భయం ఉండటం సహజం. ఫ్లోరైడ్ ఒంట్లోకి చేరేది ముఖ్యంగా తాగే నీళ్లతో, తిండితో. ఉతికి ఆరేసిన గుడ్డ గురించి ఆ భయం అక్కర్లేదు.

ఉచ్చ ప్యాడ్లను తీసిన వెంటనే ఒకసారి జాడించి, పిండి, గాలి తగిలే బుట్టలో వేయండి. బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టకండి. కంపు పెరుగుతుంది. పైగా పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నీళ్ల బకెట్ ప్రాణానికే ప్రమాదం. దొడ్డికి పోయింది ఏదైనా మరుగుదొడ్డిలోనే పడాలి, పసిబిడ్డదే కదా అని పెరట్లో పారేయొద్దు. అందులోనూ రోగాలు తెచ్చే క్రిములు ఉంటాయి. ఉగ్గు, అన్నం మొదలుపెట్టాక పైన పలుచటి పాత గుడ్డ ఒకటి పరిస్తే దులపడం సులువు.

తర్వాత బకెట్ నీళ్లలో ఒక చెంచా వాషింగ్ సోడా కలపండి. వంటసోడా కాదు, బట్టలకు వాడేదే. అది కాల్షియాన్ని విడదీస్తుంది కాబట్టి నీళ్లు మెత్తబడతాయి. చేతికి మంట పుట్టకుండా గ్లోవ్స్ వేసుకోండి. బట్టల సబ్బు బిళ్లకు బదులు సాదా డిటర్జెంట్ పొడి వాడండి, కఠిన జలంలో అది సబ్బంత తెట్టు కట్టదు. సువాసన కోసం వేసే కండిషనర్ అసలు వద్దు, గుడ్డ మీద పొర కడుతుంది. డెటాల్ కూడా అవసరం లేదు.

ఆఖరి జాడింపుకు మిషన్ భగీరథ నీళ్లు, అంటే ఇంటి నల్లాకు వచ్చే సర్కారు తాగునీళ్లు, ఒక బకెట్ పక్కన పెట్టుకోండి. ఉతకడమంతా బోరు నీళ్లతో చేసినా ఈ ఒక్క బకెట్‌తో తేడా తెలుస్తుంది. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి.

ఆరిన ప్యాడ్ మీద ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. వెంటనే ఇంకిపోతే బాగున్నట్టు. ముత్యంలా పైనే నిలబడితే పొర కట్టినట్టు. అప్పుడు నూలు ప్యాడ్లను భగీరథ నీళ్లలో పావుగంట ఉడకబెట్టి, రెండు మూడుసార్లు జాడించండి. కవర్లను మాత్రం ఎప్పుడూ ఉడకబెట్టొద్దు.

ప్యాడ్లను మన ఎండకు దండెం మీద నేరుగా వేయండి. తడిగా ఉండగానే ఎండ తగిలితే పసుపు మరకలు చాలావరకు వెలిసిపోతాయి. కవర్లకు నీడే మంచిది, మే నెల ఎండకు లాస్టిక్ సాగిపోతుంది.

రాత్రి, ప్రయాణం, వాన

రాత్రికి రెండు ప్యాడ్లు కలిపి పెట్టండి. హైదరాబాద్ బస్సెక్కేటప్పుడు జిప్పున్న నీరు కారని సంచీ ఒకటి వెంట ఉండాలి, ప్యాకెట్ డైపర్ వాడినా తప్పేం లేదు. వాడినదాన్ని గట్టిగా చుట్టి పాత పేపర్లో కట్టి చెత్త బండికి విడిగా ఇవ్వండి. కాల్చొద్దు, కాలువలో వేయొద్దు. ముసురు పట్టిన రోజుల్లో ప్యాడ్లు రెండు రోజులకు గానీ ఆరవు, అప్పటికి చీర ముక్కలే ఆదుకుంటాయి.

కందిన చోట పౌడర్ చల్లకండి, అది బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాసేపు ఏమీ కట్టకుండా గాలికి వదలండి. క్రీము రాస్తే పలుచటి గుడ్డ పరిచాకే కట్టండి, లేదంటే జిడ్డు ప్యాడ్‌కు పడుతుంది. ఎర్రటి మచ్చ చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచినా, రెండు మూడు రోజులకు తగ్గకపోయినా అది ఫంగస్ కావొచ్చు, పిల్లల డాక్టరుకు చూపించండి. మందు వాడినన్ని రోజులూ ప్యాడ్లు ఉడకబెట్టే వాడాలి.