పాత షాట్‌గన్ చెక్క స్టాక్‌ను బాగుచేయడం ఎలా?

అమెరికాలో మా పక్కింటి పెద్దాయన తన తండ్రి వాడిన రెండు గొట్టాల షాట్‌గన్‌ను తెచ్చి, "దీని చెక్క చూడు, నల్లబడిపోయింది" అన్నారు. భుజానికి ఆన్చే వాల్‌నట్ స్టాక్ ముందు భాగమంతా నూనె తాగి మెత్తబడింది. తుపాకి పక్కన చెక్కలో అమర్చిన ఇనుప పలక (పక్క పలక) వెనక వెంట్రుకంత సన్నని పగులు కూడా ఉంది. ఆ పని చేస్తూ నేను గట్టిగా నమ్మిన విషయం ఒకటి ఉంది. పగిలినదాన్ని అతకవచ్చు, నల్లబడినదాన్ని శుభ్రం చేయవచ్చు, కానీ గీకేసిన చెక్క తిరిగి రాదు. కింద చెప్పే ప్రతి పనిలోనూ ఈ జాగ్రత్తే ముఖ్యం.

భారతదేశంలో ఉన్నవారికి ఒక మాట. ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 5 ప్రకారం తుపాకి మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. తాతల నాటి తుపాకిని లైసెన్సున్న మరమ్మతుదారుకే అప్పగించండి. ఇది చదివితే ఆయనను ఏం చేయమని, ముఖ్యంగా ఏం చేయవద్దని అడగాలో తెలుస్తుంది.

విడదీయడం

తుపాకిని గొట్టాల మొదట్లో మడిచి తెరిచి, రెండు గొట్టాల్లోనూ తూటాలు లేవని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తర్వాత గొట్టాల కింద ఉండే ముందరి చెక్కను, గొట్టాలను తీసి పక్కన పెట్టండి. పాత స్క్రూల గాడి చాలా సన్నగా ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే గాడి చిరిగిపోతుంది. గాడిలో కదలకుండా కూర్చునే మొన ఉన్నదే వాడండి. అట్టముక్క మీద తుపాకి బొమ్మ గీసి, ఏ స్క్రూను ఆ చోటే గుచ్చండి. చూడటానికి ఒకేలా ఉన్నా, పాత తుపాకుల్లో ఒక చోటి స్క్రూ ఇంకో చోట సరిపోదు.

నూనె లాగడం, పాత పూత తీయడం

తుపాకిని ఏళ్ల తరబడి నిలబెట్టి ఉంచితే, ఇనుముకు రాసిన నూనె కిందికి దిగి చెక్కలో ఇంకుతుంది. సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దలా కలిపి నల్లటి చోట పట్టించండి. ఆరేకొద్దీ తెల్లని ముద్ద గోధుమ రంగుకు తిరుగుతుంది. అదే బయటికి వచ్చిన నూనె. దులిపేసి మళ్లీ పట్టించండి. నేను ఆరుసార్లు పట్టించాల్సి వచ్చింది. ఈ పని ఆరుబయట, నిప్పుకు దూరంగా, చేతి తొడుగులతోనే చేయాలి.

పాత పూత ఏదో తెలుసుకోవడానికి కనిపించని చోట ఒక చుక్క స్పిరిట్ వేయండి. జిగటగా మారితే అది లక్క పూత. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది కూడా ఈ లక్కే. దాన్ని స్పిరిట్‌లో తడిపిన గుడ్డతోనే తుడిచేయవచ్చు. కరగకపోతే పూత తీసే ద్రావణం రాయండి. ఈ దశలో సాండ్‌పేపర్ ముట్టుకోకండి. అదే పనిగా రుద్దిన ఒక స్టాక్‌ను చూశాను. చెక్క అరిగి, ఇనుము దాని చుట్టూ పళ్లెం అంచులా పైకి లేచి ఉంది. దాన్ని మునుపటిలా చేయడం ఎవరివల్లా కాదు. పట్టు కోసం చెక్కిన గళ్లను పాత టూత్‌బ్రష్‌తో మాత్రమే శుభ్రం చేయాలి. అసలు పూత చాలావరకు నిలిచి ఉంటే, మురికి తుడిచి అక్కడితో ఆపేయండి. పాత వస్తువులు సేకరించేవారు ఆ పూతకే విలువ కడతారు.

సొట్టలు, పగుళ్లు

సొట్టలో చెక్క నార అణిగి ఉంటుందే తప్ప తెగి ఉండదు. తడి నూలు గుడ్డను దాని మీద పరిచి, వేడి ఇస్త్రీపెట్టె మొనను రెండు మూడు క్షణాలు ఆన్చండి. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. గుడ్డ ఎత్తి చూస్తే గుంట సగానికి పూడి ఉంటుంది. మళ్లీ తడిపి, మళ్లీ ఆన్చండి. నార తెగిన గాటు మాత్రం ఇలా లేవదు.

పగులు సంగతి వేరు. ఎల్.సి. స్మిత్ అనే పాత అమెరికన్ షాట్‌గన్ వంటి పక్క పలకల తుపాకుల్లో ఆ పలకల వెనక చెక్క పల్చగా ఉంటుంది. ఇనుము అక్కడ బిగుతుగా ఆనుకుని ఉంటే, పేల్చిన ప్రతిసారీ వెనక్కి తన్నే దెబ్బ ఆ పల్చని చోటే పడుతుంది. నూనె తాగి బలం పోయిన చెక్క అక్కడే చీలుతుంది. ముందుగా పగులులోని నూనెను అసిటోన్‌తో కడిగి ఆరనివ్వాలి. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురును కొంచెం వెచ్చబెడితే పలచబడుతుంది. పగులును మెల్లగా తెరిచి, లోపలి వైపు నుంచి కూడా జిగురు పట్టించి, సైకిల్ ట్యూబు పట్టీని బిగించి చుట్టి ఒక రోజు వదిలేయండి. పూర్తిగా ఆరాక, పలక వెనక అంచుకూ చెక్కకూ మధ్య కాగితం దూరేంత సందు చేయండి. ఇది చేయకపోతే అతికిన చోటే మళ్లీ పగులుతుంది. చేత్తో పట్టుకునే సన్నని నడుము దగ్గర పగిలి ఉంటే మీరు అతకవద్దు, తుపాకుల మరమ్మతు తెలిసినవారికి ఇవ్వండి.

నునుపు, నూనె మెరుగు

ఇప్పుడు సాండ్‌పేపర్ తీసుకోవచ్చు. చిన్న చెక్కదిమ్మకు చుట్టి, చారల వెంబడే 220, 320, 400 నంబర్ల వరుసలో రుద్దండి. మధ్యలో తడిగుడ్డతో తుడిస్తే నార నిక్కుతుంది. ఆరాక దాన్ని మళ్లీ రుద్దేయండి. ఇనుము ఆనే అంచుల జోలికి వెళ్లకండి. అక్కడ చెక్క ఇనుము కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి.

మెరుగుకు నేను వాడేది మార్కెట్లో 'ఉడికించిన అవిసె నూనె' పేరుతో దొరికేది. మొదటి పూతను టర్పెంటైన్‌తో పలచన చేసి, చెక్క తాగినంత తాగనివ్వండి. రెండో పూతలో నూనె తడి మీదే 400 నంబరు కాగితంతో రుద్దితే, లేచిన చెక్కపొడి నూనెతో కలిసి సూది రంధ్రాలను పూడుస్తుంది. ఆ తర్వాత రోజుకు ఒక్క పూతే. నాలుగైదు చుక్కలు వేసి, అరచేయి వేడెక్కేదాకా రుద్ది, మిగిలింది తుడిచేయాలి. మందంగా పూస్తే ఆరక జిడ్డుగా మిగులుతుంది. పది పూతలయ్యాక వాల్‌నట్ చారలు లోపలి నుంచి వెలుగుతున్నట్టు కనిపిస్తాయి. భుజం వైపు కోతకూ, లోపలి గుంటలకూ ఒక పూత వేయడం మరవకండి, తేమ లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. నూనె గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, విడివిడిగా ఆరుబయట పరచండి.

తిరిగి బిగించాక, పేల్చే ముందు తుపాకిని నిపుణుడికి చూపించండి. పాత గొట్టాలు ఇప్పటి తూటాల బలాన్ని తట్టుకుంటాయో లేదో ఆయనే చెప్పాలి. దాచేటప్పుడు ఇనుముకు పలచగా మాత్రమే నూనె రాసి, గొట్టాల మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. అప్పుడు నూనె కిందికి జారినా చెక్క వైపు రాదు.