బ్రోమిన్ పరీక్షలో సైక్లోహెక్సేన్: సమస్య - పరిష్కారం

సమస్య: అనంతపురంలోని మా డిగ్రీ ప్రయోగశాలలో ఏటా ఎదురయ్యే చిక్కు ఇది. సైక్లోహెక్సేన్‌లో బ్రోమిన్ నీరు పోసి కుదిపిన విద్యార్థి, అడుగు పొర రంగు కోల్పోగానే ద్విబంధం (రెండు కార్బన్ల మధ్య జంట బంధం; అది ఉంటే బ్రోమిన్ రంగు పోతుంది) ఉందని రికార్డులో రాసేస్తాడు. అణువులో 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లే ఉండటం, అంటే ద్విబంధం ఉన్న హెక్సీన్ లెక్కే కావడం, అతని పొరపాటును మరింత బలపరుస్తుంది.

కారణం: రంగు పోలేదు, పైకి చేరింది. బ్రోమిన్ నీటిలో కంటే హైడ్రోకార్బన్‌లో బాగా కరుగుతుంది; సైక్లోహెక్సేన్ సాంద్రత సుమారు 0.78 కనుక ఆ పొర నీటిపై నారింజ రంగుతో తేలుతుంది. ఇక ద్విబంధం లేని గొలుసు హెక్సేన్ కంటే రెండు హైడ్రోజన్లు తగ్గడానికి కారణం ద్విబంధం కాదు, గొలుసు కొసలు రెండూ కలిసి వలయంగా మూసుకోవడమే.

పరిష్కారం: కుదిపిన తరువాత రెండు నిమిషాలు ఆగి పై పొరను చూడాలి. రెండు పొరలూ వెలిసిపోతేనే అసంతృప్తత, అంటే ద్విబంధం, ఉన్నట్లు.

సమస్య: పై పొర కూడా మెల్లగా వెలిసిపోతోంది.

కారణం: కిటికీ. మార్చి నెల ఎండ ఎలా ఉంటుందో మన ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ వెలుతురులో బ్రోమిన్ ఒక హైడ్రోజన్‌ను తొలగించి ఆ చోట చేరుతుంది. ఇది ప్రతిక్షేపణ చర్య, ద్విబంధానికి బ్రోమిన్ వచ్చి చేరే సంకలనం కాదు. తడి నీలి లిట్మస్ కాగితాన్ని నాళిక మూతి దగ్గర పట్టుకుంటే, వెలువడే హైడ్రోజన్ బ్రోమైడ్ దాన్ని ఎర్రబరుస్తుంది.

పరిష్కారం: నాళికకు నల్లకాగితం చుట్టి, నీడలో మళ్లీ చేయాలి.

సమస్య: ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలోని ద్రవం గడ్డకట్టింది.

పాడైపోయిందని పారబోయకండి. అది 6.5 డిగ్రీల సెల్సియస్ వద్దే గడ్డకడుతుంది. బయట ఉంచితే కరుగుతుంది.

సమస్య: ముడి చమురులో నాఫ్తీనులు, అంటే సైక్లోహెక్సేన్ వంటి సంతృప్త వలయాలు, మెండుగా ఉంటాయని పాఠం చెబుతుంది. అయినా బంకు పెట్రోలు బ్రోమిన్ రంగును పూర్తిగా పోగొడుతుంది.

కారణం: నాఫ్తీనులు కావు. రంగు పోగొట్టేవి ఆల్కీన్లు, అంటే ద్విబంధం ఉన్న హైడ్రోకార్బన్లు. ముడి చమురులో అవి దాదాపు ఉండవు. బరువైన భాగాలను శుద్ధి కర్మాగారంలో పగలగొట్టినప్పుడు అవి పుట్టి పెట్రోలులో కలుస్తాయి. నాఫ్తీనులది వేరే దారి: దాదాపు 500 డిగ్రీల వద్ద ప్లాటినం ఉత్ప్రేరకంపై మిథైల్ సైక్లోహెక్సేన్ 6 హైడ్రోజన్ పరమాణువులను వదిలి టోలుయీన్ అవుతుంది, పెట్రోలు ఆక్టేన్ సంఖ్య (ఇంజిన్‌లో తట్టుడు లేకుండా మండే గుణానికి కొలత) పెరుగుతుంది.

పరిష్కారం: నాఫ్తీనుల గుణం చూపించాలంటే పెట్రోలు వద్దు, శుద్ధమైన సైక్లోహెక్సేన్‌నే వాడాలి, ఏది వాడినా, ముందుగా బర్నర్లన్నీ ఆర్పాలి.