లెన్స్ తీసినా కన్ను ఎర్రగానే ఉందా?

ముందు కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. గంటలో ఎరుపు తగ్గి, నొప్పీ మసకా లేకపోతే చాలాసార్లు కారణం దుమ్మో, కన్ను పొడిబారడమో. అనంతపురం ఎండాకాలంలో అది మామూలే.

తీశాక కూడా నొప్పి పెరుగుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, పుసి కడుతున్నా, నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనిపించినా కళ్లకలక అనుకుని ఊరుకోవద్దు. కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు, ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉండొచ్చు. సూడోమోనాస్ బ్యాక్టీరియా అయితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను తినేస్తుంది. ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి; కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. లెన్సులు, వాటిని నానబెట్టే డబ్బా, శుభ్రం చేసే సొల్యూషన్ సీసా కడగకుండా అలాగే తీసుకెళ్లండి, ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు పనికొస్తాయి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, కారణం ఫంగస్ అయితే మాత్రం అది లోపల పెరుగుతుంది.

అందరూ సీసాను అనుమానిస్తారు. కారణం వెతకాల్సింది ముందు డబ్బాలో. 2006లో ఫ్యుజేరియం ఫంగస్ కేసులు వచ్చి ఒక సొల్యూషన్‌ను ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నప్పుడు కూడా తెరవని సీసాల్లో ఫంగస్ దొరకలేదు.

డబ్బా లోపల వేలితో రాస్తే జిగురుగా ఉందా? అది సూక్ష్మజీవులు కట్టుకున్న పొర, సొల్యూషన్ దాని లోపలిదాకా పోదు. నిన్నటి సొల్యూషన్ మీదే కొత్తది కాస్త పోస్తే ఇలాగే అవుతుంది. రోజూ మొత్తం పారబోసి, శుభ్రమైన వేలితో డబ్బా రుద్ది, సొల్యూషన్‌తోనే కడిగి, టిష్యూతో తుడిచి, మూతలతో సహా బోర్లించి ఆరబెట్టండి. బాత్‌రూంలో వద్దు. మూడు నెలలకొకసారి డబ్బా మార్చాలి. లెన్సును కూడా అరచేతిలో పెట్టి ఒక్కో వైపు 20 సెకన్లు రుద్దండి, సీసా మీద 'రుద్దక్కర్లేదు' అని ఉన్నా సరే.

నొప్పి మరీ భరించలేనంతగా ఉంటే నీళ్లను అనుమానించాలి. బోరు నీళ్లలోనూ, మిద్దె మీది ట్యాంకు నీళ్లలోనూ అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉండొచ్చు. క్యాన్ నీళ్లు కూడా క్రిములు అసలే లేనివి (స్టెరైల్) కావు. అకాంతమీబా గుడ్డులాంటి రూపం చాలా సొల్యూషన్లకు లొంగదు. లెన్సుకూ డబ్బాకూ నీళ్లు తగలనివ్వకండి. చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకున్నాకే ముట్టుకోండి. సెలైన్ (ఉప్పునీటి ద్రావణం) లెన్సు కడగడానికే, క్రిములను చంపదు.

లెన్సు పెట్టగానే కన్ను భగ్గుమని మండితే అది క్రిముల పని కాకపోవచ్చు: 3 శాతం పెరాక్సైడ్ సొల్యూషన్‌ను దాని ప్రత్యేక డబ్బాలో 6 గంటలు ఉంచకుండా వాడి ఉంటారు.

సీసాను ఎండలో బండి డిక్కీలో పెట్టొద్దు, మూతి వేలికి తగలనివ్వొద్దు, తెరిచిన తేదీ పెన్నుతో రాయండి. చాలావాటికి గడువు 90 రోజులే.

డాక్టరు సరేనన్నాక కొత్త లెన్సు, కొత్త డబ్బా, కొత్త సీసాతోనే మొదలుపెట్టాలి.