ఆరో పిల్లకి పాలు అందిన వైనం

మా పిల్లి ఆరు పిల్లల్ని పెట్టింది. ఐదూ వంద గ్రాములకు అటూ ఇటూ ఉన్నాయి, ఆఖరిది మాత్రం 68 గ్రాములే. మిగతావి తోసేస్తుంటే దానికి రొమ్ము దొరికేది కాదు. ముట్టుకుంటే పాదాలు చల్లగా తగిలాయి. టెన్షన్‌తో వెంటనే పాలు పట్టబోతే డాక్టరు గారు ఫోన్లో ఆపారు: ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు పట్టిన పాలు అరగవట. వేడినీళ్ల సీసాకి పాత చీరముక్క చుట్టి పక్కన పెట్టాను. వెచ్చబడ్డాక, బలంగా ఉన్న రెండు పిల్లల్ని కాసేపు తీసి, దీన్ని తల్లి వెనక రొమ్ముకి పట్టించాను. చాలనప్పుడు పిల్లికూనల పాలపొడి కలిపి, బోర్లా పడుకోబెట్టి, రెండు గంటలకోసారి సిరంజితో చుక్కచుక్కగా పోశాను. ఆవుపాలు మాత్రం పట్టకండి, విరేచనాలవుతాయి. రోజూ ఒకే వేళకి వంటింటి కాటాపై తూచేదాన్ని. మూడో రోజు 71. పదో రోజు 130! ఇప్పుడు తనే అందరినీ తోసుకుని ముందుకొస్తోంది.