మోడల్ విమానంలో ఫ్లటర్ రాకుండా చూసుకోవడం ఎలా?

బెంగళూరు దగ్గర హొసకోటె దాటాక ఉన్న ఒక ఖాళీ మైదానంలో నా రిమోట్ కంట్రోల్ మోడల్ విమానాన్ని పూర్తి థ్రాటిల్‌తో కిందికి దూకించినప్పుడు గుర్రుమని పెద్ద శబ్దం వచ్చి, రెప్పపాటులో కుడి ఎయిలెరాన్ (రెక్క వెనుక అంచున పైకీ కిందికీ కదిలే పలక) ఊడిపోయింది. గాలి వేగానికి ఇలాంటి పలక తనంతట తాను విపరీతంగా అదరడమే ఫ్లటర్. శకలాలు ఏరి చూస్తే, హార్న్ (ఎయిలెరాన్‌పై బిగించిన, దాన్ని కదిపే తీగ తగిలే చిన్న కొమ్ము) రంధ్రం తీగ రాపిడికి అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది కాబట్టి, నెమ్మదిగా ఎగిరినంతసేపు బయటపడని లూజు అటువంటి దూకుడులో ఒక్కసారిగా ప్రాణాంతకమవుతుంది.

అందుకే ముందుగా లూజును వెతకాలి. ప్రొపెల్లర్ తీసేసి, ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్), విమానంలోని రిసీవర్ రెండూ ఆన్ చేసి, ఎయిలెరాన్ వెనుక అంచును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ కదపండి. సర్వో (పలకను కదిపే చిన్న మోటారు) ఆర్మ్ కదలకుండా అంచు మాత్రమే కదిలితే, క్లెవిస్ (తీగ చివర హార్న్‌కు తగిలే కొక్కెం), హార్న్ రంధ్రం, సర్వో గేర్లు, సర్వోను బిగించిన స్క్రూలు వరుసగా పరీక్షించాలి. నా దృష్టిలో చిన్న విమానానికి ఒక మిల్లీమీటరు లూజు కూడా ఎక్కువే.

తరువాత పుష్‌రాడ్‌ను (సర్వోను హార్న్‌తో కలిపే తీగను) సర్వో ఆర్మ్‌పై లోపలి రంధ్రానికి, హార్న్‌పై బయటి రంధ్రానికి తగిలించండి. ఆర్మ్ చివరి రంధ్రంలో తగిలించి, ఎక్కువైన కదలికను ట్రాన్స్‌మిటర్‌లో తగ్గించుకోవడం చాలామందికి అలవాటు. అలా చేస్తే సర్వో పట్టు తగ్గి, ఉన్న లూజు మరింత పెద్దదవుతుంది. పుష్‌రాడ్ నొక్కితే విల్లులా వంగకూడదు. నేను బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కొన్న 2 మి.మీ. స్టీలు తీగనే వాడుతున్నాను, పొడవైన చోట మధ్యలో ఒక ఆధారం ఇస్తాను.

హింజ్ (ఎయిలెరాన్‌ను రెక్కకు కలిపే కీలు) వద్ద సందు ఉంటే, ఎయిలెరాన్‌ను పూర్తిగా పైకెత్తి, అడుగు భాగాన పలుచని టేపు అంటించాలి.

ఎలివేటర్ (విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) రెండు భాగాలుగా ఉంటే వాటిని గట్టి తీగతో కలపడం తప్పనిసరి. 1916లో హ్యాండ్లీ పేజ్ బాంబర్ తోక తీవ్రంగా అదిరినప్పుడు ఇంజనీర్లు చేసిన మరమ్మతు కూడా రెండు ఎలివేటర్లను ఒకే గొట్టంతో జోడించడమే. హింజ్‌కు వెనుక పెరిగే ప్రతి గ్రాము బరువూ ఫ్లటర్‌కు బలమిస్తుంది కనుక, అక్కడ రంగు మందంగా పూయవద్దు. వేగంగా ఎగిరే మోడల్‌కైతే హింజ్‌కు ముందు భాగాన తూకం కోసం కొద్దిగా సీసం అమర్చడం మంచిది.

గాలిలో ఆ గుర్రుమనే శబ్దం వినిపిస్తే వెంటనే థ్రాటిల్ తగ్గించి, ముక్కును మృదువుగా పైకెత్తి వేగం పోగొట్టి, నెమ్మదిగా దింపండి. దిగిన తరువాత విమానం బాగానే కనిపించినా, ఆ సర్వోను విప్పి గేరు పళ్లు, హింజ్‌లు, హార్న్ చూసుకోకుండా మళ్లీ ఎగరేయవద్దు.